విహారస్థలంలో పవిత్రస్థలం

గ్లెన్ కెన్యన్ జాతీయ విహార ప్రాంతం అమెరికాలోని అరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దుకు అటూ ఇటూ సుమారు పన్నెండున్నర లక్షల ఎకరాల్లో పరుచుకుని ఉంది. 1963 మార్చిలో గ్లెన్ కెన్యన్ ఆనకట్ట గేట్లు మూసి కొలరాడో నదిని ఆపారు. వెనుక ఏర్పడిన లేక్ పావెల్ జలాశయం పూర్తిగా నిండడానికి పదిహేడేళ్లు పట్టి, 1980 జూన్‌కు నిండింది. ఈలోగా 1972లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసి జలాశయాన్నీ, దాని చుట్టూ ఉన్న ఎర్రరాతి లోయలనూ ప్రజల విహారానికి కేటాయించింది. వాహ్‌వీప్, బుల్‌ఫ్రాగ్, హాల్స్ క్రాసింగ్ దగ్గర నీళ్లు, కరెంటు ఉన్న క్యాంపు మైదానాలున్నాయి. లోన్ రాక్ దగ్గర ఇసుక మీదే బండి నిలిపి గుడారం వేసుకుంటారు. ఆనకట్టకు దిగువన, నది ఇంకా నదిలాగే పారే చోట, లీస్ ఫెర్రీ క్యాంపు ఉంది. వీటన్నిటికంటే ఎక్కువమంది కోరుకునేది పడవలో వెళ్లి, ఎవరూ లేని ఒడ్డున రాత్రి గడపడం. జలాశయం నిండుగా ఉన్నప్పుడు దాని తీరరేఖ పంతొమ్మిది వందల మైళ్లకు పైమాటే కాబట్టి అలాంటి ఒడ్డులకు కొదవ లేదు.

ఈ తీరం స్థానిక నవాహోలకు, పయూట్లకు, హోపీలకు, యూట్లకు విహారస్థలం కాకముందే పుణ్యస్థలం. ఇక్కడ ఎదురయ్యే ప్రశ్న పాతదే. ఒకే నేల ఒకరికి దేవుడి చోటు, మరొకరికి సెలవు గడిపే చోటు అయినప్పుడు రెండోవాడు మొదటివాడికి ఏం బాకీ ఉంటాడు? ఆ నమ్మకం లేనివాడు ఆ చోటు పట్ల మర్యాద పాటించడంలో అర్థం ఉందా? మర్యాద పాటించమని ప్రభుత్వం కోరితే చాలా, శాసించాలా? గ్లెన్ కెన్యన్‌లో ఈ ప్రశ్నలు కోర్టుల దాకా వెళ్లాయి గనుక, మరెక్కడా లేనంత స్పష్టంగా ఇక్కడ పరిశీలించవచ్చు.

క్యాంపు జీవితానికి ఒక నీతి ముందే ఉంది. ఒడ్డున దిగినవారు హౌస్‌బోటు లంగరును ఇసుకలో గొయ్యి తీసి పాతుతారు. మడత కుర్చీలు వేసుకుని పొయ్యి వెలిగిస్తారు. ఎదురుగా ఎర్ర కొండగోడ మీద, నీళ్లు దిగిపోయిన మేర, సున్నం కొట్టినట్టు తెల్లటి పట్టీ కనిపిస్తుంది. నీటిలోని ఖనిజాలు రాతికి పట్టి మిగిల్చిన గుర్తు అది. చెత్త తిరిగి పట్టుకెళ్లాలి. ఒడ్డున బస చేసేవారు తమ మలాన్ని కూడా డబ్బాలో మూసి తీసుకెళ్లి, పారబోయడానికి ఏర్పాటు చేసిన చోటే వదలాలి. రాళ్ల మీద పేర్లు చెక్కకూడదు, పురాతన అవశేషాలను ముట్టకూడదు. వచ్చిన ఆనవాలు లేకుండా వెళ్లిపోవాలన్నది దీని సారం. మంచి నీతే. కానీ ఇది నేలకు తగిలే గాయాన్ని లెక్కిస్తుంది తప్ప నేలతో మనుషులకున్న బంధానికి తగిలే గాయాన్ని లెక్కించదు. ఒక్క కాగితం ముక్క కూడా పారేయకుండా ఒక పవిత్రస్థలాన్ని అపవిత్రం చేయవచ్చు. అది ఎలాగో రెయిన్‌బో బ్రిడ్జ్ దగ్గర తెలుస్తుంది.

రెయిన్‌బో బ్రిడ్జ్ మనిషి కట్టిన వంతెన కాదు. వాగు ఇసుకరాతిని కోసుకుంటూ పోగా మిగిలిన సహజ తోరణం. ఎత్తు 290 అడుగులు. ప్రపంచంలోని అతిపెద్ద సహజ వంతెనల్లో ఇదొకటి. 1909 ఆగస్టులో పయూట్ మార్గదర్శుల వెంట శ్వేతజాతి యాత్రికులు అక్కడికి చేరారు. మరుసటి ఏడాదే అధ్యక్షుడు టాఫ్ట్ దాని చుట్టూ 160 ఎకరాలను జాతీయ స్మారకంగా ప్రకటించాడు. ఆనకట్ట రాకముందు అక్కడికి వెళ్లాలంటే నవాహో పర్వతాన్ని చుట్టుకుంటూ గుర్రాల మీదో కాలినడకనో పోవాలి, లేదా నదిలో వచ్చి పక్కలోయ వెంట మైళ్ల కొద్దీ ఎక్కాలి. ఇప్పుడు వాహ్‌వీప్ నుంచి పడవలో యాభై మైళ్లు వెళ్లి, నీటిమట్టాన్ని బట్టి కొంత దూరం నడిస్తే సరిపోతుంది. స్మారకం హద్దుల్లో క్యాంపు వేయడానికి అనుమతి లేదు. జలాశయం వైపు హద్దు దాటితే విహార ప్రాంతం, మిగతా వైపులా నవాహోల రిజర్వేషన్ భూమి.

నవాహోలకు ఈ తోరణం శిలగా మారిన ఇంద్రధనుస్సు, రక్షణనిచ్చే శక్తి. దాని దాపున ఉన్న నవాహో పర్వతానికి వారి గాథల్లో పెద్ద స్థానం ఉంది. చరిత్రలోనూ ఉంది. 1863–64లో అమెరికన్ సైన్యం నవాహోలను వేటాడి, పట్టుబడినవారిని వందల మైళ్లు నడిపించి నిర్బంధ శిబిరానికి తరలించినప్పుడు, తప్పించుకున్న కుటుంబాలు ఈ పర్వతం చుట్టూ ఉన్న లోయల్లోనే తలదాచుకున్నాయి. వారిని దాచిన చోటే వారు ప్రార్థించిన చోటయింది. రక్షణ కోసం, వాన కోసం చేసే క్రతువులు ఈ నేలలో నిర్దిష్టమైన ఊటలకు, రాళ్లకు ముడిపడి ఉన్నాయి. తోరణానికి ఎగువన కొంత దూరంలో శాన్ హువాన్ నది కొలరాడోలో కలుస్తుంది. ఆ రెండు నీళ్ల కలయిక నుంచి మబ్బు, వాన పుడతాయని వారి విశ్వాసం. నదీసంగమాన్ని పుణ్యతీర్థంగా ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇది వివరించనక్కర్లేదు. ఆ సంగమం ఈనాడు లేక్ పావెల్ అడుగున ఉంది.

1913 ఆగస్టులో మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కొడుకులతో కలిసి గుర్రాల మీద వచ్చి ఈ తోరణం దగ్గరే రాత్రి బస చేశాడు. కింది మడుగులో స్నానం చేశాడు, వెన్నెల్లో తోరణాన్ని చూస్తూ పడుకున్నాడు. ఆ బృందంలోని నవాహో ఒకడు తోరణం కిందుగా వెళ్లడానికి ఒప్పుకోక, కష్టమైనా సరే, కొండవాలు ఎక్కి చుట్టూ తిరిగి వచ్చాడని ఆయనే రాసుకున్నాడు. తగిన ప్రార్థన చేయకుండా ఆ కిందుగా పోకూడదన్నది నియమం. అక్కడ ఎవరూ ఎవరినీ ఆపలేదు. ఇద్దరూ ఒకే క్యాంపులో ఉన్నారు, ఒకే పొయ్యి దగ్గర తిన్నారు. ఒకరు కిందుగా వెళ్లారు, మరొకరు చుట్టూ వెళ్లారు. ఏటా పిడికెడు మంది వచ్చిన రోజుల్లో ఈ సర్దుబాటు సాగింది. మనుషుల సంఖ్య, నీటి ఎత్తు పెరిగాక సాగలేదు.

కొలరాడో ఎగువ పరీవాహక ప్రాజెక్టుల చట్టం 1956లో వచ్చింది. రెయిన్‌బో బ్రిడ్జ్‌కు హాని జరగకుండా రక్షణ ఏర్పాట్లు చేయాలని ఆ చట్టంలోనే ఉంది. ఆ ఏర్పాట్లకు డబ్బు మాత్రం కాంగ్రెస్ ఎన్నడూ మంజూరు చేయలేదు. నీరు స్మారకం హద్దుల్లోకి వచ్చింది. పర్యావరణ సంఘాలు దావా వేస్తే, డబ్బు ఇవ్వకపోవడం ద్వారానే కాంగ్రెస్ ఆ రక్షణ షరతును వదులుకున్నట్టని 1973లో అప్పీలు కోర్టు తేల్చింది. చట్టంలో రాసిన మాటను డబ్బు ఆపి చెరిపేయవచ్చన్న ఈ తర్కం న్యాయశాస్త్రంలో నిలవవచ్చు గానీ, ఇచ్చిన మాటను నమ్మినవారి ముందు నిలవదు. సియెరా క్లబ్ అనే పర్యావరణ సంఘం అంతకుముందు డైనోసార్ జాతీయ స్మారకంలోని ఎకో పార్క్ ఆనకట్టను ఆపించుకుని, బదులుగా గ్లెన్ కెన్యన్ మీద అభ్యంతరం వదులుకుంది. తర్వాత పశ్చాత్తాపంతో 1963లో వెలువరించిన చిత్రాల పుస్తకానికి ఎవరూ ఎరగని చోటు అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. ఆ చోటును తరతరాలుగా ఎరిగినవారు అప్పటికీ పక్కనే కాపురం ఉన్నారు. ఆనకట్ట కట్టినవారికీ, దానికోసం కన్నీరు పెట్టినవారికీ కూడా వారు కనిపించలేదన్నది ఈ చరిత్రలో అన్నిటికంటే బాధాకరమైన విషయం.

1974లో ఎనిమిదిమంది నవాహోలు, మూడు స్థానిక నవాహో పంచాయతీలు కలిసి కోర్టుకు వెళ్లారు. బడోనీ వ్యాజ్యంగా ఇది ప్రసిద్ధం. వాదుల్లో క్రతువులు నడిపే వైద్యగురువులు ఉన్నారు. వారి ఫిర్యాదులు రెండు. నీరు దేవతల నెలవులను, ప్రార్థనా స్థలాలను ముంచేసింది. పడవల్లో వచ్చే జనం గోల చేస్తూ, తాగుతూ, చెత్త పడేస్తూ క్రతువులు సాగనివ్వడం లేదు. నీటిమట్టం తగ్గించాలని, జనం మీద అదుపు పెట్టాలని, ముందుగా తెలియజేసి క్రతువు చేసుకునే సమయంలో చోటును కాసేపు మూసి ఉంచాలని కోరారు. ఆ భూమి మీద వాదులకు ఆస్తిహక్కు లేదు కాబట్టి దావా చెల్లదని జిల్లా కోర్టు 1977లో కొట్టేసింది. 1980లో అప్పీలు కోర్టు ఆ కారణాన్ని ఆమోదించలేదు. అయినా ఫలితం మారలేదు. నీటిని నిల్వచేసి విద్యుత్తు తీసే ప్రజాప్రయోజనం మతస్వేచ్ఛ కంటే బరువైనదని మొదటి ఫిర్యాదును తోసిపుచ్చింది. రెండోదాని విషయంలో, నవాహోల క్రతువుల కోసం జనాన్ని ఆపితే ఆ చోటు ప్రభుత్వం నడిపే గుడిలా మారుతుందని, అది రాజ్యాంగం వద్దన్న మతస్థాపన అవుతుందని చెప్పింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

ఈ తీర్పు వెనుక మతం అంటే ఏమిటన్న ఊహ ఒకటి దాగి ఉంది. మతం మనసులో ఉండే నమ్మకం. మనసును ఎవరూ బంధించలేదు, ప్రార్థన చేయవద్దని ఎవరూ అనలేదు. కాబట్టి చోటు మునిగినా స్వేచ్ఛ మునగలేదు. 1988లో లింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే దారిలో మరింత దూరం వెళ్లింది. ఉత్తర కాలిఫోర్నియాలో యురోక్, కరుక్, టొలోవా జాతుల పవిత్ర శిఖరాల మధ్య అటవీ శాఖ రోడ్డు వేస్తానంది. రోడ్డు ఆ మతాచరణను దాదాపు నాశనం చేసినా, ఎవరి నమ్మకాన్నీ బలవంతంగా మార్పించడం లేదు గనుక రాజ్యాంగం అడ్డురాదని కోర్టు చెప్పింది. ఆ రోడ్డు చివరికి కాంగ్రెస్ చట్టంతోనే ఆగింది.

స్టాండింగ్ రాక్ సూ జాతికి చెందిన వైన్ డెలోరియా జూనియర్ 1973లో ప్రచురించిన ‘గాడ్ ఈజ్ రెడ్’ గ్రంథంలో ఈ ఊహను మూలం నుంచి ప్రశ్నించాడు. క్రైస్తవం కాలం మీద నిలబడిన మతమని, ఒకప్పుడు జరిగినదీ ఇకముందు జరగబోయేదీ దానికి ముఖ్యమని, స్థానిక జాతుల మతాలు స్థలం మీద నిలబడినవని ఆయన వాదం. కాలం మీద నిలిచిన మతాన్ని ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు. గ్రంథం చేతిలో ఉంటే చాలు, చర్చి ఏ ఊళ్లోనైనా కట్టుకోవచ్చు. స్థలం మీద నిలిచిన మతానికి ఆ వీలు లేదు. ఊట ఎండితే ఆ ఊట దగ్గర చేయాల్సిన క్రతువు ఎండిపోతుంది. ఈ విభజన మరీ గట్టిగా గీసిన గీతే. యెరూషలేము వైపు చూసే యూదులు, క్రైస్తవులు, మక్కా యాత్ర చేసే ముస్లింలు దీనికి పూర్తిగా ఒదగరు. అయినా కోర్టుల అంధబిందువు ఎక్కడుందో ఇది సరిగ్గా పట్టిచ్చింది. న్యాయమూర్తులు తమ మతం ఎలా ఉంటుందో దాన్నే మతానికి నిర్వచనంగా తీసుకున్నారు.

భారతీయ సంప్రదాయంలో ఈ రెండు రకాల పవిత్రతా పక్కపక్కనే ఉన్నాయి గనుక పోలిక ఇక్కడ పనికొస్తుంది. ఆగమాల ప్రకారం ప్రతిష్ఠించిన మూర్తిని తరలించడానికి విధి ఉంది. కళాకర్షణ చేసి దేవతా శక్తిని కలశంలోకి ఆవాహన చేస్తారు, బాలాలయంలో పూజలు సాగిస్తారు, కొత్త చోట తిరిగి ప్రతిష్ఠిస్తారు. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లిలోని సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విడదీసి అలంపురంలో మళ్లీ కట్టగలిగారు. నాగార్జునకొండలో తవ్వి తీసిన బౌద్ధ నిర్మాణాల్లో కొన్నిటిని నీటికి పైన, కొండ మీద, అనుపులో పునర్నిర్మించారు. గుడి కదిలింది. సంగమం కదల్లేదు. అది నీటి కిందే ఉండిపోయింది. తీర్థానికి కళాకర్షణ లేదు. శ్రీశైలం జలాశయంలోనే సప్తనదుల సంగమేశ్వరం ఆలయం ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగి ఉండి, వేసవిలో నీరు దిగినప్పుడు బయటపడుతుంది. అర్చకులు పూజలు మళ్లీ మొదలుపెడతారు, భక్తులు బురద తొక్కుకుంటూ వెళ్లి దర్శనం చేసుకుంటారు. ఆనకట్టలను ఆధునిక దేవాలయాలన్న తరం పాత దేవాలయాలకు నష్టపరిహారం లెక్కగట్టింది, తీర్థాలకు లెక్కగట్టలేకపోయింది. రెయిన్‌బో బ్రిడ్జ్‌ది గుడి పవిత్రత కాదు, తీర్థ పవిత్రత. దాన్ని తీసుకెళ్లి ఇంకోచోట పెట్టగల విధి ఏ మతంలోనూ లేదు.

కోర్టులో ఓడినా విషయం అక్కడితో ముగియలేదు. జాతీయ పార్కుల సంస్థ గిరిజన జాతులతో సంప్రదించి 1993లో రెయిన్‌బో బ్రిడ్జ్ నిర్వహణ ప్రణాళిక తయారుచేసింది. దాని ప్రకారం సందర్శకులను తోరణం దగ్గరికి వెళ్లవద్దని, కిందుగా నడవవద్దని కోరతారు. దూరం నుంచి చూసేందుకు చోటు ఏర్పాటు చేశారు. బోర్డు ఉంది, కారణం చెప్పే రేంజర్ ఉంటాడు. దాటినవారికి జరిమానా లేదు. ఈ అభ్యర్థన కూడా మతస్థాపనే అని ఒక సంఘం దావా వేసింది గానీ నిలవలేదు. వయోమింగ్‌లోని డెవిల్స్ టవర్ దగ్గర కూడా 1995 నుంచి ఇదే పద్ధతి. జూన్ నెలలో మైదాన జాతులు సూర్యక్రతువు చేసే సమయంలో శిఖరం ఎక్కవద్దని ఆరోహకులను కోరతారు. చాలామంది మానుకుంటున్నారు, కొందరు ఎక్కుతూనే ఉన్నారు. స్వచ్ఛందమైతే చెల్లుతుందని కోర్టులు ఒప్పుకున్నాయి.

నమ్మనివాడు ఆ చూసే చోటు దగ్గరే ఆగడంలో అర్థం ఉందా? లేదనేవారి వాదం తేలికగా కొట్టిపారేయదగ్గది కాదు. తోరణం రాయి. కిందుగా నడిస్తే రాయికి ఏమీ కాదు. లేని నమ్మకాన్ని ఉన్నట్టు నటించడం కపటం, పైగా ఒకరి మతానికి ఇలా తలొగ్గితే రేపు అందరి మతాలకూ తలొగ్గాలి. దీనికి జవాబు ఉంది. గుడి ముందు చెప్పులు విప్పే అన్యమతస్థుడు ఆ దేవుణ్ణి నమ్ముతున్నానని ప్రకటించడం లేదు. లోపలున్నవారికి ఇది ముఖ్యమని గుర్తించానని మాత్రమే ప్రకటిస్తున్నాడు. అది నిజమైన ప్రకటనే, అందులో నటన లేదు. అందరి మతాలకూ ఇంతపాటి మర్యాద ఇవ్వాల్సి వస్తే ఇవ్వడమే సరి. నాలుగడుగులు వెనక ఆగడం ఎవరి మనస్సాక్షికీ భారం కాదు. తన ఇష్టంతో ఆగినవాడి మర్యాదకు, జరిమానాకు భయపడి ఆగినవాడి విధేయతకు విలువలో తేడా ఉంది. ఈ మేరకు, సందర్శకుడి విషయంలో, శాసనం కంటే అభ్యర్థన మేలు.

ప్రభుత్వం విషయంలో అలా అనలేం. నీటిని నిలిపింది సందర్శకుడు కాదు. సంగమాన్ని, ఊటలను, ప్రార్థనా స్థలాలను ముంచినవారు ఒక బోర్డు పెట్టి, మిగిలింది మీరు చూసుకోండని బాధ్యతను సెలవుకు వచ్చిన కుటుంబం మీదికి నెట్టడం న్యాయం కాదు. మర్యాద కోరే హక్కు ఎవరిదన్నది కూడా ముఖ్యం. ఆస్ట్రేలియాలో ఉలురు శిలను 1985లో అనంగు ప్రజలకు తిరిగి అప్పగించారు. ఎక్కవద్దని వారు చాలా ఏళ్లు బతిమాలుకున్నారు. చివరికి వారే అధిక సంఖ్యలో ఉన్న పార్కు బోర్డు 2017లో తీర్మానించి, 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడాన్ని పూర్తిగా నిషేధించింది. అక్కడ మతస్థాపన ప్రశ్న తలెత్తలేదు. తన ఇంట్లో ఏం చేయకూడదో ఇంటి యజమాని చెప్పాడంతే. బడోనీ కేసులో జిల్లా కోర్టు ఆస్తిహక్కు గురించి అడిగిన ప్రశ్న పనికిమాలినది కాదు. అడగాల్సినవారిని అడగలేదు, అంతే. నిన్నటిదాకా అక్కడ బతికినవారికి ఆ హక్కు ఎందుకు లేకుండా పోయిందో నవాహోలు చెప్పాల్సిన పని లేదు, ప్రభుత్వం చెప్పాలి.

కరవు ఈ ప్రశ్నను మళ్లీ పైకి తెచ్చింది. 2000 తర్వాత కొలరాడోలో ప్రవాహం తగ్గుతూ, 2022–23లో లేక్ పావెల్ నాలుగో వంతు కంటే తక్కువకు పడిపోయింది. 2023 ఫిబ్రవరిలో మట్టం, జలాశయం మొదట నిండుతున్న రోజుల తర్వాత ఎన్నడూ లేనంత దిగువకు చేరింది. పడవలు దింపే ర్యాంపులు నీటికి అందకుండా పోయాయి. తోరణం కిందికి వచ్చిన సరస్సు వెనక్కి తగ్గింది. మునిగిన పక్కలోయల్లో వాగులు మళ్లీ పారుతున్నాయి, ఒండ్రు కొట్టుకుపోయి చెట్లు మొలుస్తున్నాయి. నీరు దేవతలను ముంచిందని నవాహోలు చెప్పినప్పుడు కోర్టు దాన్ని తిరుగులేని వాస్తవంగా, ప్రజాప్రయోజనం మోయక తప్పని మూల్యంగా చూసింది. అది తిరుగులేనిది కాదని నది చూపించింది. జలాశయం భవిష్యత్తు మీద ఇప్పుడు జరుగుతున్న చర్చ నీటి వాటాలు, విద్యుత్తు, పడవల ర్యాంపుల చుట్టూ తిరుగుతోంది. బయటపడుతున్న స్థలాల నిర్వహణను ఆయా జాతులతో పంచుకోవడం ఆ చర్చలో భాగం కావాలి. 1956 చట్టంలో రాసి వదిలేసిన మాటను నెరవేర్చే అవకాశం ఇన్నేళ్లకు మళ్లీ వచ్చింది.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు పేజ్ పట్టణానికి వచ్చి హార్స్‌షూ బెండ్, యాంటెలోప్ కెన్యన్ చూసి, లేక్ పావెల్ ఒడ్డున రాత్రి క్యాంపు వేసి వెళ్లడం మామూలైంది. వారిలో రెయిన్‌బో బ్రిడ్జ్ దాకా వెళ్లేవారు రేంజర్ చెప్పేది పూర్తిగా వినాలి, తోరణం కిందికి వెళ్లకుండా చూసే చోటు దగ్గరే ఆగాలి, పిల్లలకు కారణం చెప్పాలి. అక్కడ ఎవరైనా ప్రార్థనలో ఉంటే కెమెరా దించి వెనక్కి రావాలి.